గుట్టమెంతికి కంచె

ధార్వాడ,
10 నవంబర్ 2024

అత్తా,

నువ్వు పంపిన చీనీ పండ్ల బుట్ట నిన్న సాయంత్రం బస్సులో చేరింది. పండ్ల సంగతి తర్వాత. ముందు ఒక్క మాట చెప్పు, పండ్లు నలగకుండా మధ్యలో కుక్కావే, ఆ ఎండుగడ్డి ఎక్కడ కోశావు?

నవ్వొద్దు. గడ్డిని చెత్తలో వేయబోతుంటే ఒక ఎండు రెమ్మ వేలికి తగులుకుంది. మూడేసి ఆకులు, అచ్చం మెంతాకు లాగే. సరే ఏదో కలుపు అనుకున్నాను. తర్వాత కాయ చూశాను. నత్తగుల్లలా చుట్టలు తిరిగిన బుల్లి కాయ! ఒళ్ళు ఝల్లుమంది. గడ్డంతా నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని పరక పరకా ఏరాను. నా గదిలో ఉండే పద్మప్రియ వచ్చి "ఏం పోగొట్టుకున్నావే, ఉంగరమా?" అంది. దొరికిందే తల్లీ అన్నాను.

పొద్దున్నే పరుగున పోయి మా కృపాకుమారి మేడమ్‌కు చూపించాను. నాకు పశువుల మేత పైర్ల మీద పరిశోధన నేర్పేది ఆవిడే. భూతద్దంలో చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అత్తా, ఇది మన నేలలోనే పుట్టిన అడవి క్లోవర్. చలిదేశాల రైతులు పశువుల కోసం చేలకు చేలు పెంచుతారే, ఆ మేతకు మన మెట్టనేలలో పుట్టిన చెల్లెలు. మా బీరువాలో దీని నమూనా ఒకటే ఉంది, అదీ మేడమ్ పుట్టకముందు ఎవరో ఎండబెట్టి అంటించినది. మన అనంతపురం వైపు ఇది ఇక లేదనుకున్నారట. నువ్వేమో దాన్ని బుట్టలో కుక్కి పంపావు!

ఫోన్ చేసి అరిచేదాన్నే. నీకు వినపడదు, మామకు చెబితే సగం మింగేస్తాడు. అందుకే ఈ ఉత్తరం. ఒక రెమ్మ కాగితానికి అంటించి పెట్టాను. ఇదేనా, ఎక్కడిది, ఇంకా ఉందా? వెంటనే రాయి.

గెంతుతున్న నీ మేనకోడలు,
లహరి

శింగనమల,
18 నవంబర్ 2024

లహరీ, నీకు నూరేళ్ళు, నాకు వచ్చిన కోపానికి ఒక పూట ఆయుష్షు.

చెట్టు పైకొమ్మన కాసిన పండ్లు ఏరి ఏరి పంపితే, తియ్యగా ఉన్నాయో పుల్లగా ఉన్నాయో ఒక్క ముక్క రాయలేదు. గడ్డి ఎక్కడిదంటావా? మీ మామ ఉత్తరం చదివి తేల్చేశాడు. "పండ్లు చెడిపోయింటాయి. ఆ మాట చెప్పల్యాక గడ్డి మీద పెడతాండాది నీ కోడలు." నాకూ అదే అనిపించింది. గడ్డిలో పురుగేమైనా ఉండి పండ్లకు పట్టిందేమో. ఈసారి గడ్డి పెట్టను లేవే. శుభ్రంగా పేపర్లో చుట్టి పంపుతాను.

నువ్వు అంటించిన ఆకును మేం గుట్టమెంతి అంటాం. మన చేని పైన గుట్ట ఏటవాలులో వానలకు లేస్తుంది. దసరా దాటితే తిప్పన్న తన మందను అటే తోలతాడు. నా గొర్రెలు కూడా ఆయన మందతోనే పోయి మేస్తాయి కదా, అవి గుట్ట ఎక్కే దారి చూస్తే చాలు, ఎవరి మాటా వినవు. అందులోనూ బొట్టుది ఉంది చూడు, నుదుట తెల్లమచ్చ ఉన్న గొర్రె, దానికి గుట్టమెంతి అంటే పిచ్చి. వేరుశనగ పీకేశాక తిప్పన్న మంద గుట్ట దిగి రాత్రిళ్ళు మన చేన్లో పడుకుంటుంది. వల కట్టి రోజుకొక చోట మంద పెడతాడు. చేనికి ఎరువు, ఆయనకు మన ఇంట్లో సంగటి. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి.

గుట్టమెంతి మన చేన్లోనూ ప్రతి ఏడూ అక్కడక్కడా లేస్తుంది. కలుపని పీకి గట్టున పారేస్తాం. నీ బుట్టలో కుక్కింది ఆ గట్టు మీది ఎండుగడ్డే. దీన్ని చూసి మీ మేడమ్ కుర్చీలోంచి లేచిందా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! పండ్లు ఎట్లా ఉన్నాయో రాయి.

మీ అత్త,
లక్ష్మీదేవమ్మ

ధార్వాడ,
25 నవంబర్ 2024

అత్తా, అత్తా, అత్తా!

పేపర్లో చుట్టొద్దు! గడ్డే పెట్టు! పండ్లు తేనె. హాస్టల్లో ఒక్క తొక్క కూడా మిగల్లేదు. ఇప్పుడు శాంతించి నా మాట విను.

గుట్ట మీద ఇంకా లేస్తుందన్నావు. ఆ వాక్యం మేడమ్‌కు చదివి వినిపించాను, "మళ్ళీ చదువు" అన్నారు. ఎండిన ఆకులో మాంసకృత్తులు చూశాం. పప్పుధాన్యాల పొట్టు, కాయలు తీసిన వేరుశనగ కట్టె దీని ముందు దిగదుడుపే. ఇది చేన్లో పైరులా పెరిగితే ఎండాకాలంలో మేత కోసం ఎవరి గడప తొక్కే పని లేదు. కోసి ఎండబెట్టుకుంటే నీ గొర్రెలకు ఉగాది దాటినా కొరత ఉండదు. నా పరిశోధన దీని మీదే, మాట ఇచ్చేశాను.

అందుకని మూడు పనులు. గుట్ట మీద గుట్టమెంతి ఉన్న మేరంతా కంప కొట్టి కంచె వెయ్యి. ఒక్క జీవాన్నీ లోపలికి తోలొద్దు, నీ బొట్టుదాన్ని కూడా. ఉన్నవే కాసిని మొక్కలు, అవి గింజ రాల్చుకోవాలి. రెండోది, పండిన కాయలు కొన్ని ఏరి దాచు, తొలకరికి చేన్లో చల్లుదాం. మూడోది, ఎవరికీ చెప్పకు. అరుదైన మొక్క అని తెలిస్తే మందుకనీ మాకనీ జనం వేర్లతో సహా పీకుతారు, నేను చాలా చోట్ల చూశాను.

వచ్చే వానాకాలం మేడమ్‌ను వెంటబెట్టుకుని వస్తాను. ఆ గుట్ట నీది అని చెప్పుకుంటే నాకు ఎంత గర్వంగా ఉందో.

నీ,
లహరి

శింగనమల,
12 డిసెంబర్ 2024

కోడలా,

నీ కంచె అయ్యింది. నేనూ మీ మామా కలిసి జాలికంప కొట్టి, ఈడ్చి, గుట్ట చుట్టూ వేశాం. నా మోచేతుల మీద గీతలు చూస్తే పిల్లితో పోట్లాడాననుకుంటారు. కాయలు ఏరి పెరుగు సీసాలో పోసి దాచాను. ఉట్టి మీద ఉంది, ఎలుకలకు కూడా చెప్పలేదు.

కానీ తిప్పన్నతో చెడింది. జీవాలను తోలుకుని వచ్చి కంప చూసి నిలబడిపోయాడు. ఎందుకమ్మా అని అడిగాడు. చెప్పొద్దన్నావుగా, ఏం చెప్పను? "ఈ ఏడు గుట్ట ఎక్కించొద్దు" అన్నాను, అంతే. ఆయన ముఖం నల్లబడింది. దగ్గరకొచ్చి నాకు వినపడేటట్టు గట్టిగా అన్నాడు, ఊరికంతా వినపడింది.

"ఏమమ్మా, నా జీవాలకు రోగమొచ్చిందని ఎవురు చెప్పినారు నీకు? మీ అత్త ఉన్నప్పటి నుంచీ ఈ గుట్టకు తోల్తాండా. ఈ పొద్దు నేను కానోణ్ణి అయినానా? గుట్ట వద్దంటే నీ చేనూ నాకొద్దు. బసప్ప ఎన్నేండ్లుగానో పిలస్తాండాడు, ఆడికే పోతా."

పోయాడు. ముందు రోజు దాకా గుట్ట మీద మేసిన మంద ఆ సాయంత్రమే దిగి, ఈ ఏడు ఇంకా ఒక్క రాత్రీ పడుకోని మన చేను దాటి, బాట అవతల బసప్ప చేన్లో వల కట్టుకుంది. నా గొర్రెలను మా వాకిట్లో వదిలిపెట్టి మరీ పోయాడు. బొట్టుది రాత్రంతా మంద వైపు చూసి అరిచిందని మీ మామ అంటాడు. నాకు వినపడదు కాబట్టి నిద్రపోయాను.

నువ్వు చెప్పావని చేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు చెవులు లేకపోయినా లోకువే అయ్యాను.

లక్ష్మీదేవమ్మ

ధార్వాడ,
20 డిసెంబర్ 2024

అత్తా,

తిప్పన్న మామ కోపం వానలకు కరుగుతుంది, నువ్వు దిగులు పడకు. ఒకందుకు మంచిదే అయ్యింది, మంద దూరంగా ఉంటే గుట్టకు భయం లేదు. మొక్క మొలిచి పచ్చబడ్డాక నేనే వచ్చి ఆయనకు చూపించి క్షమాపణ చెబుతాను.

పెరుగు సీసాలోంచి గుప్పెడు కాయలు పంపు. మేడమ్ కుండీలు సిద్ధం చేసి కూర్చున్నారు. రోజూ పొద్దున "పోస్ట్ వచ్చిందా?" అంటారు, పెళ్ళికూతురి కోసం చూసినట్టు.

నీ,
లహరి

శింగనమల,
6 మార్చి 2025

లహరీ,

కాయలు అందాయని రాశావు, సంతోషం. ఇక్కడ ఎండలు ముదిరాయి. ఉత్తరం వెటకారంగా ఉంటే ఎండదే తప్పు.

మందతో పోయే దారి లేక నా గొర్రెలు కొట్టంలోనే ఉన్నాయి. వేరుశనగ కట్టె అయిపోవచ్చింది. బొట్టుది చూలుతో ఉంది, వెన్నెముక కనిపిస్తోంది. నేను పోయినప్పుడల్లా నా కొంగు నములుతుంది. నా గొర్రెలను నేను పిల్లలప్పటి నుంచి సాకాను, నీకు తెలుసు.

మీ మామ నిన్న తెగేసి చెప్పాడు. "మేత యాడుండాది? బయట కొనుక్కొచ్చి జీవాల్ని సాకితే మనమేం తినాల? ఈ వానలకు నీ కోడలు చెప్పిన మెంతి మన చేన్లో మొలిస్తే సరి. ల్యాకుంటే ఉన్న జీవాలన్నీ సంతకే. మళ్ళా నా ముందర ఏడ్సగూడదు."

నేనూ ఊరుకోలేదు. "మొలుస్తాది, రాసిపెట్టుకో" అన్నాను. నీ మాట నమ్మి పందెం కాశానే కోడలా. నా గొర్రెలే పందెం. మీ మేడమ్ కుండీల్లో మొలిచిందా?

మీ అత్త

ధార్వాడ,
14 జూన్ 2025

అత్తా,

తొలకరి పడిందని పేపర్లో చూశాను! ఇక్కడ నేను గదిలో ఉండలేకపోతున్నాను. గుట్ట మీద కంచె లోపల పచ్చగా లేస్తూ ఉంటుంది కదా? ఈ పాటికి మూడేసి ఆకులు విప్పుకుని ఉంటాయి!

ఒక్క చిక్కు. కుండీల్లో ఏమీ రాలేదు. తవ్వి చూస్తే గింజ గింజలాగే ఉంది, కుళ్ళలేదు, ఉబ్బలేదు. పైతోలు రాయిలా ఉంది, నీళ్ళు లోపలికి పోవడం లేదు. కత్తితో కాస్త గీరితే మాత్రం మొలిచింది. పద్మప్రియా నేనూ ఎగిరి గంతేశాం. కాబట్టి నువ్వు చల్లే ముందు గింజలను గరుకు ఇసుకతో రుద్దు. మెల్లగా. తోలు గీచుకోవాలి, పగలకూడదు.

బొట్టుది ఈనిందా? పిల్ల మగదా ఆడదా? మామకు చెప్పు, సంత తాడు అటకెక్కించమని.

నీ,
లహరి

శింగనమల,
22 జులై 2025

లహరికి,

బొట్టుది ఆడపిల్లను ఈనింది. తల్లి దగ్గర పాలు చాలడం లేదు. ఈనడం ఒక్కటే మంచి మాట, మిగతాది విను.

నీ ఇసుక వైద్యం చేశాను. రోట్లో గింజలూ ఇసుకా పోసి పొత్రంతో తిప్పాను. మెల్లగా అంటే ఎంత మెల్లగా? సగం పిండి అయ్యాయి. మిగతావి చేన్లో చల్లిన మర్నాటి నుంచీ ఎండ. ఆ తర్వాత వానా వచ్చింది, గానీ ఒక్క మొలకా రాలేదు.

సరే, చేను పోతే పోయింది, గుట్ట ఉందిలే అని కంప తొలగించుకుని లోపలికి పోయాను. ఒక్క జీవాన్నీ లోపలికి తోలొద్దన్నావని నేను కూడా అన్నాళ్ళూ పోలేదు చూడు. లోపల నడుమెత్తు బోదగడ్డి. గుట్టమెంతి లేదు. గడ్డి విడదీసి, వంగి, చేతులతో తడిమి చూశాను. అక్కడొకటీ ఇక్కడొకటీ పాలిపోయిన మొక్కలు, గడ్డి నీడలో చచ్చేటట్టున్నాయి. పోయినేడు మంద తొక్కిన చోట కాలు పెడితే మెంతి వాసన వచ్చేది.

కంచే చేను మేసిందంటారు. మన కంచె మేయకుండానే చేనుకు చేను పోయింది. అరుదైనదన్నావు. ఇప్పుడు నిజంగానే అరుదు చేశాం ఇద్దరం కలిసి.

మీ మామ అటక మీది తాడు దించాడు. వచ్చే వారం సంత.

లక్ష్మీదేవమ్మ

ధార్వాడ,
1 ఆగస్టు 2025

అత్తా,

నీ ఉత్తరం ఈ రోజే అందింది, చదివి ఏడ్చాను. ఒక్క వారం ఆపమను మామను. కాళ్ళు పట్టుకుంటానను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నేను కంచె వెయ్యమన్నాను, నేను మందను ఆపమన్నాను, పందెంలో పోయేవి మాత్రం నీ గొర్రెలా? ఆదివారం బయల్దేరి వస్తున్నాను. మేడమ్ కూడా వస్తానంటున్నారు, చూపించడానికి ఏమీ లేదన్నా వినడం లేదు.

అత్తా, అమ్మొద్దు.

లహరి

శింగనమల,
1 ఆగస్టు 2025

లహరీ! లహరీ! లహరీ!

నీ ఉత్తరం కోసం ఆగకుండా రాస్తున్నాను. అక్షరాలు గొర్రెల్లా చెదిరిపోతే ఏరుకుని చదువుకో.

పొద్దున్నే మీ మామ గొర్రెలను తాళ్ళకు కట్టి బాట పట్టాడు. మెయిన్ రోడ్డు మీద సంతకు పోయే బండి ఆగి ఉంది. నేను రానన్నాను, మళ్ళీ వెనకే పోయాను. బొట్టుదాని పిల్ల నా చంకలో ఉంది. బసప్ప చేను పక్కకు వచ్చేసరికి బొట్టుది ఆగింది. ముక్కు ఎత్తింది. ఒక్క గుంజు గుంజింది చూడు, మీ మామ చేతిలో తాడు లేదు, కాలికి చెప్పు లేదు! మిగతావి దాని వెనకే. గట్టు దూకి బసప్ప చేన్లో పడి తలలు దించాయి. కర్రతో కొట్టినా ఎత్తవు.

ఏం తింటున్నాయని దగ్గరికి పోయి చూశాను. గుట్టమెంతి! చీలమండ ఎత్తున, పూతకు వచ్చి, పచ్చగా! అక్కడొకటీ ఇక్కడొకటీ కాదే. చాప పరిచినట్టు నాలుగు మూలలుగా ఒక మడి, దాని పక్కనే ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. తర్వాతి మడిలో పల్చన. ఆ అవతల చేనంతా ఉత్త నేల. ఎవరో గీత గీసి చల్లినట్టు ఉంది.

బసప్ప చేన్లోనే ఉన్నాడు. తొలకరి తర్వాత వాన నిలిచిపోయి వేరుశనగ వేయలేదు, ఉలవలకు దున్నిద్దామని ట్రాక్టర్ పిలిపించాడు. ట్రాక్టర్ అవతలి గట్టు నుంచి దున్నుతూ వస్తోంది. నాకు వినపడదుగా, నేను పచ్చ మడిలో వంగి కాయ ఉందా అని చూస్తున్నాను. తల ఎత్తేసరికి ముక్కు ముందు ట్రాక్టర్! డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి దిగి వచ్చాడట. బసప్ప పరుగున వచ్చాడు.

"ఏమమ్మో, సస్తావా? లెయ్! ఈ పాడు కలుపు ముదరకముందే దున్నియ్యల్ల."

"దీని మీద చక్రం పోతే నా మీద పోయినట్టే" అని మడి మధ్యలో చతికిలబడ్డాను. చంకలో పిల్ల, చుట్టూ గొర్రెలు. రహస్యం లేదు, గిహస్యం లేదు. నువ్వు రాసిందంతా అరిచి చెప్పాను, మెంతి, మేత, మీ మేడమ్, కుర్చీ, అన్నీ. బసప్ప నోరు తెరుచుకుని విన్నాడు. "ఇది గూడా పైరేనా?" అని ఒక రెమ్మ తెంపి తన ఎద్దుకు పెట్టాడు. ఎద్దు అతని వేలు కూడా తినబోయింది. "సరే, ఈ మడులు ఇడిసిపెడ్తా. మేతలో సగం నా ఎద్దులకు" అన్నాడు. ఒప్పుకున్నాను.

అప్పుడు మీ మామ వైపు చూశాను. మాటంటే మాట మనిషి. పందెం మన చేన్లో మొలిస్తే అని కదా, ఇది బసప్ప చేను. ఆయన ఆ మడుల చుట్టూ తిరిగాడు. వంగి మట్టి తీశాడు. పాత గొర్రె పెంటికలు పొడి పొడిగా ఉన్నాయి, వాటిలోంచే వేర్లు దిగాయి.

"ఈడ తిప్పన్న వల కట్టినాడు. మొదటి మూడు దినాలు. అవునా బసప్పా?"

"అవునన్నా. గుట్ట దిగి నేరుగా ఈడికే వచ్చె."

"ఆ మూడు దినాల మంద మన చేన్లో పడుకోవాల్సింది" అన్నాడు మీ మామ. నా వైపు తిరిగి, నాకు వినపడేటట్టు ఒక్కొక్క మాటా గట్టిగా అన్నాడు. "మంద మనది. మొలక మనదే. తాడు ఇప్పు."

ఏడ్సగూడదని ముందే చెప్పాడు గానీ, ఏడ్చాను లహరీ. ఎగిరి గంతేయడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, లేకపోతే అదీ చేసేదాన్ని.

నువ్వు వెంటనే రా!

మీ అత్త

ధార్వాడ,
9 ఆగస్టు 2025

అత్తా,

నీ ఉత్తరమూ నేనూ బస్సుల్లో ఎదురు పడి ఉంటాం. మేడమ్‌తో నేను నీ వాకిట్లో దిగేసరికి గొర్రెలు కొట్టంలో నెమరు వేస్తూ కనిపించాయి చూడు, ఆ క్షణం నేను జన్మలో మరిచిపోను. తిరిగొచ్చాక నీ ఉత్తరం హాస్టల్లో దొరికింది. జరిగిందంతా తెలిసి కూడా ట్రాక్టర్ దగ్గరకొచ్చేసరికి ఊపిరి బిగబట్టాను.

మేడమ్ ఇక్కడ చేరగానే బసప్ప మడుల్లోంచి నువ్వు ఏరి కట్టిచ్చిన పాత పెంటికలను నీళ్ళలో నానబెట్టి వడకట్టారు. లోపల గింజలు, చెక్కుచెదరకుండా! కానీ పైతోలు మెత్తబడి ఉంది. అంతేనత్తా. గొర్రె కడుపే నీ రోలు, దాని రసమే నా ఇసుక. జీవం కాయ తినాలి, కొంత అరగాలి, మిగిలింది పెంటికతో నేలలో పడాలి. బోదగడ్డిని కూడా అవే తిని దీనికి ఎండ తగలనిస్తాయి. గుట్ట దిగిన మొదటి మూడు రోజులే కడుపులో గింజలున్నాయి, అందుకే మూడు మడులు.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మంద పడుకునే మన చేన్లో ప్రతి ఏడూ లేస్తుందని నువ్వు రాశావు. నాకు రాసింది నువ్వే, చదివింది నేనే, ఇద్దరికీ తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం. ఏటా చేన్లో పీకేస్తూ వచ్చినా ఇది మిగిలిందంటే గుట్ట ఎక్కే మంద వల్లే. తినడం ఆపితే ఇది చస్తుంది. మేడమ్ ఈ మాట బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశారు.

కంప తీసెయ్. గుట్టలో రాలిన గింజలు ఇంకా చావలేదు, కాళ్ళ కింద నలగనీ. ఇక తిప్పన్న మామను పిలవాలి. కంచె వెయ్యమన్నది నేను, నేనే వచ్చి అడగనా?

నీ,
లహరి

శింగనమల,
24 నవంబర్ 2025

కోడలా,

నువ్వు రానక్కర్లేదని అప్పుడే రాశాను కదా. ఇన్నేళ్ళు సంగటి పెట్టిన చెయ్యి నాది, పిలవాల్సిందీ నేనే.

తిప్పన్న మంద పక్క ఊరి బీళ్ళలో ఉందని తెలిసి పోయాను. నన్ను చూసి అటు తిరిగి నిలబడ్డాడు. ఎదురుగా పోయి నిలబడ్డాను. ఆయన పెదవులు కనిపిస్తేనే కదా నాకు మాట తెలిసేది! "నీ జీవాలకు రోగం లేదు తిప్పన్నా, రోగం నా బుద్ధికి వచ్చినాది" అని చెప్పాను. మూడు మడుల సంగతి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు.

"అంటే, నా జీవాలు పెంటికలేసినందుకు నీ కోడలు పెద్ద సదువు అయిపోతాదా?"

"అవును" అన్నాను.

పకపకా నవ్వాడు. ఆయన నవ్వు నాకు వినపడింది లహరీ, నిజంగా. తువ్వాలు దులుపుకుని "సంగటిలోకి ఏం చేస్తావు?" అన్నాడు.

కంప మీ మామే తీశాడు, ఎవరినీ చేయి వేయనివ్వలేదు. బసప్ప మడుల్లో కోసిన మేత పంచుకున్నాం. నా వాటా ఎండబెట్టి అటకెక్కించాను, సంత తాడుతోనే మోపు కట్టాడు మీ మామ. అక్కడ పండిన కాయలను ముందు మందకు మేపి, తర్వాత గుట్ట ఎక్కించాం. ఇప్పుడు రాత్రిళ్ళు మన చేన్లో వల కడుతున్నాడు తిప్పన్న. రోజూ తెల్లారగానే మీ మామ పోయి మంద పడుకున్న చోట నాలుగు మూలలా రాళ్ళు పాతి వస్తున్నాడు, వచ్చే ఏడు ఏ మడి ఏదో తెలియాలని. కలుపు తీసే కూలీలకు ఇప్పుడే చెప్పిపెట్టాడు, ఆ రాళ్ళ లోపల చెయ్యి పెడితే ఊరుకోనని.

బుట్ట పంపుతున్నాను. పైన చీనీ పండ్లు, మధ్యలో గడ్డి, అడుగున గుడ్డసంచిలో ఈ వారం పెంటికలు. బస్సులో వేసేటప్పుడు కండక్టర్ వాసన చూసి "ఏముండాదమ్మా దీంట్లో?" అన్నాడు. "విత్తనం" అన్నాను. పండ్లు పద్మప్రియకు ఇవ్వు, మిగతా రెండూ మీ మేడమ్‌కు.

నిన్న గుట్టకు తోలినప్పుడు నేనూ పోయాను. ముందు బొట్టుది, వెనకే దాని పిల్ల. గడ్డిలో అక్కడొకటీ ఇక్కడొకటీ మిగిలాయన్నానే, ఆ మొక్కల్లో మొదటిదాని దగ్గరే ఆగింది బొట్టుది. నిండా కాయలున్నాయి. అంత అరుదైన మొక్కను నా కళ్ళ ముందే మొదలంటా కొరికి నమిలింది. పిల్ల కూడా మూతి పెట్టింది. నేను పక్కనే నిలబడి "తిను తల్లీ, బాగా తిను" అన్నాను.

మీ అత్త,
లక్ష్మీదేవమ్మ